పొద్దున్నే నిన్ను ఎవరు లేపుతారు?

నా నలభై ఏళ్ల బతుకులో నేను రాసిన పరీక్షలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. పదో తరగతి ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాను. డ్రైవింగ్ లైసెన్సు కోసం సంగారెడ్డిలో ఎనిమిది అంకె తిప్పాను. ఇక ఈ జన్మకు పరీక్షలు అయిపోయాయని నిశ్చింతగా ఉంటే, పోయిన జూన్‌లో, ఆరో తరగతి చదివే నా బిడ్డ దీక్షిత సంచిలోంచి ఒక పసుపు కాగితం వచ్చి నా చేతిలో పడింది.

కాగితం మీద బడి పేరు, దాని కింద ‘మీ బిడ్డ గురించి మాకు చెప్పండి’ అని పది ప్రశ్నలు. ఏమి ఇష్టంగా తింటుంది, దేనికి భయపడుతుంది, ప్రాణ స్నేహితురాలు ఎవరు, ఇలాంటివే. అన్నిటికన్నా కింద గీత గీసి మరీ రాశారు: దయచేసి బిడ్డను అడగకుండా మీరే నింపండి.

మా అమ్మ నర్సమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట ఆపి అడిగింది.

“ఏందిరా గది? బడోళ్లు మల్ల ఏమడుగుతున్నరు?”

“పోరికి ఏం తినుడు ఇష్టమో రాయాల్నట అమ్మా.”

“గిదొక ప్రశ్ననా? ఏది పెడ్తె గది తింటది. బంగారమసొంటి పోరి. గట్లనే రాయి.”

అలా రాస్తే బాగుండదని ‘జిలేబీ’ అని రాశాను. ప్రతి శనివారం జహీరాబాద్ నుంచి నేను తెచ్చేది అదే, అది తినేదీ అదే. భయం అన్నచోట ‘కుక్కలు’ అని పెట్టాను, నాలుగేళ్లప్పుడు కుక్కను చూసి నా కాళ్లకు చుట్టుకునేది. స్నేహితురాలు పక్కింటి కృప. పొద్దున్నే ఎవరు లేపుతారు అంటే నాయినమ్మ. ఎక్కడ ఉంటే సంతోషంగా ఉంటుంది అంటే ఇంట్లో. పావుగంటలో పది ప్రశ్నలూ నింపేసి, సంతకం గీకి, కాగితం మడిచి దాని సంచిలో పెట్టాను. మీసం మీద చెయ్యి వేసుకోలేదు గానీ, వేసుకున్నంత పని చేశాను.

దీక్షిత గడప మీద కూర్చుని బూట్లకు అంటిన మట్టి గోకుతోంది. నేను రాసినంతసేపూ నా వంక చూసింది. ఏమీ అనలేదు. అసలు అప్పటికి రెండేళ్లుగా అది ఏమీ అనడం లేదు.

దాని తల్లి భాగీరథి పోయి రెండేళ్లు. ఒక వానకాలం జ్వరమని దవాఖానకు తీసుకుపోతే వారం తిరక్కుండానే చెయ్యి దాటిపోయింది. ఆ తరవాత పిల్ల అవునంటే తల ఊపడం, కాదంటే తల దించడం, అంతే. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊళ్లో మెచ్చుకునేవాళ్లు కూడా. నేనూ ఆ మెప్పును నిజమే అనుకున్నాను. ఇంట్లో గొడవ లేదు, మారాం లేదు, వేళకు తింటుంది, వేళకు బడి బస్సెక్కుతుంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మా అత్తగారు మహాదేవమ్మ మాత్రం అలా అనుకోలేదు. ఆమె ఊరు చిరాగ్‌పల్లి దాటి అరగంట, కర్ణాటకలో, బీదర్ జిల్లాలో ఉంటుంది. వేసవి సెలవులకు అక్కడ వదిలిన పిల్లను తీసుకురావడానికి జూన్ మొదట్లో వెళ్తే, నాకు మంచినీళ్లిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“అల్లుడా, రెండేండ్లు ఊకున్న. నా తాన నెల దినాలు గలగల మాట్లాడింది పోరి. నీ బండి వాకిట్ల ఆగంగనే నోరు మూసింది, చూసినవా?”

“అదేం లేదు అత్తమ్మా. జర సిగ్గు దానికి.”

“తండ్రి తాన సిగ్గేంది? నిన్ను తప్పు పడ్తలేను. మనిషి పోయిన దుఃఖం నీకూ ఉంటది. కాని నా బిడ్డ బిడ్డ గిట్ల మూగదాని లెక్క పెరుగుతుంటె నా కడుపు ఆగది. ఈడ ఇంగ్లీష్ బడిల సీటు మాట్లాడి పెట్టిన. అల్లంల తల్లి తీసేదాంక చూస్త. అప్పటికి నీ ఇంట్ల నోరు తెరిస్తె నీ తాన్నే ఉండని. లేకుంటె నాకియ్యి.”

అల్లం వేసేవాళ్లకు అదొక గడువు. మేలో విత్తనపు దుంప నాటుతాం. మూడు నెలలకు మొక్క నిలదొక్కుకున్నాక, మొదట్లో మట్టిని వేళ్లతో తొలగించి, నాటిన ఆ తల్లి దుంపను మాత్రం విరిచి తీసేస్తాం. మొక్క అలాగే ఉంటుంది, కింద కొత్త అల్లం ఊరుతూనే ఉంటుంది. అంటే ఆగస్టు దాకా నాకు గడువిచ్చింది మా అత్త. “గట్లనే కానియ్యి” అన్నాను ధీమాగా. బండి మీద వెనక్కి వస్తూ ఆగస్టుకు ఎన్ని వారాలో లెక్కపెట్టుకున్నాను. ఉన్న ఒక్క బిడ్డ. దాన్ని కూడా ఇచ్చేస్తే ఆ ఇంట్లో నేను ఎందుకు?

*

జూలై మొదటి శనివారం బడికి రమ్మని కబురొచ్చింది. దీక్షిత క్లాసు టీచరు శిరీష మేడం కొత్తగా చేరింది. వాళ్లది గుడివాడ దగ్గరట, భర్త ట్రాక్టర్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నా పసుపు కాగితం ఆమె ముందు బల్ల మీద ఉంది.

“కూర్చోండి అమర్నాథ్ గారూ. ముందొక మాట, ఏమీ అనుకోకండి. దీక్షిత సిక్స్త్ ఏ అండీ. మీరు బీ అని రాశారు.”

ఏదో ఒకటిలే అన్నట్టు నవ్వాను. ఆమె నవ్వలేదు.

“కొత్త క్లాసులో పిల్లలకి బెరుకు పోవడానికి మొదటిరోజు నేనొక ఆట ఆడిస్తానండీ. బిస్కెట్ డబ్బాలో చీటీలు వేసి తిప్పుతాను. ఎవరికి ఏ ప్రశ్న వస్తే దానికి జవాబు చెప్పాలి. నీకు రెక్కలొస్తే ముందు ఎక్కడికి ఎగురుతావు, మీ ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది ఎవరు, ఇలాగన్నమాట. దీక్షితకి చాలా తేలికైన చీటీ వచ్చింది. పొద్దున్నే నిన్ను ఎవరు లేపుతారు, ఏమని లేపుతారు? అంతే.”

“ఏం చెప్పింది మేడం?”

“ఏమీ చెప్పలేదు. లేచి నిలబడింది. పర్లేదమ్మా కూర్చో అన్నా కూర్చోలేదు. గంట కొట్టేదాకా ఆ చీటీ పట్టుకుని నిలబడే ఉందండీ.”

కిటికీ అవతల హైవే మీద బొంబాయి లారీలు పోతున్నాయి. ఆ మోత తగ్గనిచ్చి ఆమె మళ్లీ అందుకుంది.

“మర్నాడు మీకు పంపిన ఆ పది ప్రశ్నలే పిల్లలకీ కాగితం మీద ఇచ్చాను. నోటితో చెప్పనిది చేత్తో రాసింది. ఎవరికీ చూపించనని పిల్లలకి మాటిచ్చాను, కాబట్టి మీకూ చూపించను. కానీ మీదీ ఆమెదీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకటి కలిసిందండీ.”

“పదిల ఒకటేనా?”

“ఒకటే. ఇష్టమైన సబ్జెక్టు లెక్కలు.”

అది నేను గుడ్డెద్దు చేలో పడ్డట్టు రాసిన జవాబు. నాకు ఒళ్లు మండింది. నా బిడ్డ నాకు తెలియదని చెప్పడానికి ఈవిడ కృష్ణా జిల్లా నుంచి రావాలా అనుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె సొరుగులోంచి ఇంకో పసుపు కాగితం తీసి నా ముందు పెట్టింది. అన్నీ ఖాళీలే.

“మళ్లీ రాసివ్వండి. తొందరేం లేదు, నెలైనా పర్లేదు. కానీ అడక్కండి. అడిగితే మీకు నచ్చేదే చెబుతుంది, అలాంటి పిల్ల. చూడండి.”

“ఏం చూడాలె మేడం?”

“ఆమెనేనండీ.”

*

ఆ శనివారం కూడా అలవాటుగా జిలేబీ కట్టించుకుని వెళ్లాను. దీక్షిత పొట్లం విప్పింది. నేను మంచం మీద పడుకుని కళ్లు సగం మూసి చూస్తున్నాను. ఒక జిలేబీ తుంచి నోట్లో పెట్టుకుని, మాత్ర మింగినట్టు నీళ్లతో మింగింది. నా వైపు చూసి, నేను నిద్రపోతున్నాననుకుని, మిగిలింది తీసుకుపోయి దూడకు పెట్టింది. దూడ నాకి నాకి తిన్నది. దానికి అలవాటే ఉన్నట్టుంది.

రెండేళ్లు. నూరు శనివారాలు. నేను తెస్తున్నానని అది మింగుతోంది, అది తింటోందని నేను తెస్తున్నాను. లేచి కూర్చుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తరవాతి శనివారం వట్టి చేతులతో వెళ్లాను. నా చేతులు చూసి, బరువు దిగినట్టు దాని భుజాలు కాస్త వదులయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం మా అమ్మ పుంటికూర చేసింది. ఆ కూరతో దీక్షిత మూడో జొన్నరొట్టె ఎవరూ వడ్డించకుండానే తీసుకుంది. ఆ పిల్ల ఇంట్లో తనంతట తాను ఏదైనా తీసుకోవడం నేను చూసింది అదే మొదలు. మా ఇంట్లో పుంటికూర, మా అత్తవాళ్ల దిక్కున పుండి పల్య, మేడం ఊళ్లో గోంగూర, పేరేదైనా ఆకు ఒక్కటే. మొదటి ఖాళీ నింపాను. ఒక్క జవాబుకు వారం రోజులు పట్టింది.

అలా మొదలైంది నా చదువు. పక్కింటి కృప హాస్టల్లో చేరి ఏడాదిన్నర అయిందని అప్పుడు గుర్తొచ్చింది. దీక్షిత స్నేహితురాలు బడి బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయమ్మ అని కనిపెట్టడానికి, పొద్దున్నే బస్సు ఆగేచోటికి నాలుగు రోజులు ఏదో పని ఉన్నట్టు వెళ్లి నిలబడ్డాను. దాని భయమేమిటో వానే చెప్పింది. ఒక రోజు యూరియా కోసం జహీరాబాద్ వెళ్తే కుండపోత పట్టుకుంది. ఫోన్ తడిసి ఆగిపోయింది. పొద్దుగూకే వేళకు ఊరి మలుపు తిరిగేసరికి, నెత్తిన సంచి కప్పుకుని దీక్షిత నిలబడి ఉంది. నన్ను చూడగానే తిరిగి ఇంటివైపు నడిచింది.

“నీ ఫోన్ బంద్ అయిన కాడికెల్లి గాడ్నే నిలబడ్డదిరా,” అంది మా అమ్మ. “రమ్మంటె రాలె. ఎప్పుడూ గంతే. నీ ఫోన్ కలవకుంటె దానికి బువ్వ పోదు.”

“ఎప్పుడూ గంతేనా? నాకు చెప్పవేందే?”

“నువ్వెప్పుడు అడిగినవ్?”

నిజమే. నేనెప్పుడు అడిగాను? కుక్కలు అని రాసిన చెయ్యి నాదే.

ఒక్క ప్రశ్న మాత్రం కొరకరాని కొయ్య అయి కూర్చుంది. పొద్దున్నే ఎవరు లేపుతారు? మా అమ్మను అడిగితే చాట పక్కన పడేసి ఎగిరింది. “నేనెక్కడ లేపుతరా? నేను లేచేవరకే అది తానం చేసి జడేసుకుని కూసుంటది.” నేనా, తెల్లారక ముందే చేనుకు పోతాను. మరి పదకొండేళ్ల పిల్ల గడియారం కూడా లేకుండా ఎలా లేస్తోంది?

జూలై చివర్లో ఒక పొద్దున చేనుకు పోకుండా ఆగి, బర్రె పాలు పితికి, గిన్నె లోపల పెడదామని తలుపు దగ్గరికి వచ్చాను. దీక్షిత పరుపు మీదే ఉంది. కళ్లు మూసుకునే ఉంది. పెదవులు మాత్రం కదిలాయి.

“ఏళవ్వా, హొత్తాగ్యాద.”

లేవమ్మా, పొద్దెక్కింది. అది భాగీరథి మాట. చివర్లో కాస్త సాగదీసే ఆ రాగంతో సహా భాగీరథిదే. తనను తాను అలా పిలుచుకుని, ఒక్క క్షణం ఆగి, “ఊఁ” అని తనకు తానే బదులిచ్చి, దుప్పటి మడిచి లేచింది నా బిడ్డ.

పాలగిన్నెతో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మనిషి పోయిన రోజు కూడా నేను అంత ఏడవలేదు. గోడ వెనక్కి పోయి, గిన్నె కింద పెట్టి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

తల్లీకూతుళ్లు ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడుకునేవారు. వంటింట్లో, చేలో, జడ వేసేటప్పుడు, అదే గుసగుస, అదే నవ్వు. నాకు వింటే అర్థమవుతుంది, బీదర్ మార్కెట్లో పదిహేనేళ్లు తిరిగినవాణ్ణి. పలకడానికే నామోషీ. ఒకసారి కసిరాను కూడా, నా ఇంట్లో నాకు అందని ముచ్చట్లేమిటని. “అన్నీ అందుతయి నీకు. అందనట్టు చేస్తవ్,” అని నవ్వింది భాగీరథి. అవును, ఆ ఇద్దరి మధ్యకు నేను రాలేకపోయానని కుళ్లు. ఆమె పోయాక ఆ ఇంట్లో ఆ మాట పలికే నోరే లేకుండా పోయింది. పిల్ల అలిగి మౌనంగా లేదు, సిగ్గుపడీ లేదు. దానితో దాని మాట మాట్లాడేవాళ్లు లేరు.

*

ఆగస్టు మొదటి ఆదివారం అల్లంలో తల్లి తీయడం మొదలుపెట్టాం. కూలికి వచ్చిన ఆడవాళ్లకు బసమ్మ పెద్ద. దీక్షిత పిలవకుండానే వచ్చి బసమ్మ పక్కన కూర్చుంది. ఎర్రమట్టిలోకి వేళ్లు జొనిపి, కొత్త వేర్లు తెగకుండా తడుముకుంటూ పోయి, తల్లి దుంపను చటుక్కున విరిచి పైకి తీసింది. మొక్క ఆకు కూడా కదల్లేదు.

“ఓ అమర్నాథ్!” అని కేకేసింది బసమ్మ. “జర చూడు నీ బిడ్డ చెయ్యి. అచ్చం భాగీరథి చెయ్యే.”

నేను వచ్చి పక్క సాలులో కూర్చున్నాను. కాసేపటికి, తల ఎత్తకుండానే, అది అడిగింది.

“నాయినా, తల్లిని తీస్తె పిల్ల ఎండిపోదా?”

వినబడ్డది నిజమేనా అని నాకు అనుమానం. బసమ్మ చెయ్యి కూడా ఆగిపోయింది.

“ఎండిపోదు బిడ్డా. దాని ఏర్లు దానికి వచ్చినంకనే తీస్తం.”

“వచ్చినయని ఎట్ల తెలుస్తది?”

“తడిమి చూస్తె తెలుస్తది.”

“తీసినంక?”

“కొత్త మన్ను ఎగదోయాలె. గుంత అట్లనే ఇడిస్తె మాత్రం ఎండుతది.”

తల ఊపి, రెండు చేతులతో మట్టి దగ్గరికి లాగి మొక్క మొదట్లో అదిమింది. ఇక ఆ రోజంతా మాట్లాడింది. ఈ దుంప ఏనుగు లెక్క ఉంది అంది. బసమ్మ గాజులు ఎన్ని అంది. బడిలో శిరీష మేడం మాటల చివర ‘అండీ’ పెడుతుందని, తానూ ఒకసారి పెట్టి చూశానని చెప్పింది. నా చెవులు నావేనా అనిపించింది. గడువు ముగిసే రోజే నా బిడ్డ నోరు తెరిచింది. గెలిచాను అనుకున్నాను. జేబులోంచి పసుపు కాగితం తీసి చివరి ప్రశ్న దగ్గర, ఎక్కడ ఉంటే సంతోషంగా ఉంటుంది అన్నచోట, ‘ఇంట్లో’ అని రాయబోయి, చేతికి మట్టి ఉందని మానేశాను.

ఇల్లలకగానే పండగ కాదు. మర్నాడు సాయంత్రం జల్లు పడితే చేనునుంచి తొందరగా వచ్చాను. ఇంటి వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని దీక్షిత మా అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. సోమవారం సోమవారం మహాదేవమ్మ ఫోన్ చేస్తుందని తెలుసు. నేను ఆ వేళకు ఎప్పుడూ ఇంట్లో ఉండను. చూరు కింద చెప్పులకు బురద వదిలించుకుంటుంటే నవ్వు వినబడింది. గలగలమని, ఆగకుండా, మధ్యలో గుక్క తిప్పుకుని మళ్లీ. ఆ ఇంట్లో ఆ నవ్వు విని రెండేళ్లయింది. ఒక్క క్షణం భాగీరథే నవ్వుతోందేమో అనుకున్నాను.

అక్కడి మేనమామ పిల్లల సంగతి, జాతరలో కొన్న రిబ్బన్ల సంగతి, తల్లి చిన్నప్పుడు నిద్రపోయిన అటక సంగతి, అన్నీ కన్నడంలో పొంగిపోతున్నాయి. చేలో నాతో మాట్లాడినవి దీని ముందు చుక్కలు. తరవాత అవతలి నుంచి మా అత్త ఏదో అడిగింది. నవ్వు ఆగింది. పిల్ల గొంతు తగ్గించింది.

“నా బంద్ర నాయిన ఒబ్బానే ఆగ్తాన్, అజ్జి.”

నేను వచ్చేస్తే నాయిన ఒక్కడే అయిపోతాడు, అమ్మమ్మా.

ఇంట్లో మా అమ్మ ఉంది. ఊరంతా చుట్టాలున్నారు. అయినా దాని లెక్కలో నేను ఒక్కణ్ణే. లెక్కలంటే ఇష్టమైన పిల్ల కదా, లెక్క తప్పలేదు. చూరు నీళ్లు మెడలో పడుతుంటే అలాగే నిలబడ్డాను. జిలేబీ గుర్తొచ్చింది. ఈ ఇల్లు కూడా దానికి జిలేబీయే. నేను తెచ్చి పెట్టానని మింగుతోంది.

ఆ మాట విననట్టు ఊరుకుంటే సరిపోయేది. పిల్ల మాట్లాడుతోంది, షరతు ప్రకారం గెలుపు నాది. ఊరుకున్నాను కూడా, రెండు రోజులు. ఆ రెండు రోజులూ అది నాతో మాట్లాడిన ప్రతి మాటనూ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. నా కోసం కష్టపడి మాట్లాడుతోందా, మాట్లాడాలనిపించి మాట్లాడుతోందా? అడిగితే నాకు నచ్చేదే చెబుతుంది. మేడం ముందే చెప్పింది.

మూడో రోజు మా అత్తకు నేనే ఫోన్ చేశాను.

“ఆదివారం రండ్రి అత్తమ్మా. పిల్లను తీస్కపోదురు.”

“పోరి మాట్లాడుతున్నది గదా, మీ అమ్మ చెప్పింది. మాట ప్రకారం నీ తాన్నే ఉండాలె గదా అల్లుడా?”

“మాట్లాడుతున్నది. గందుకనే దానికేం కావాల్నో తెలిసింది.”

అవతల ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

దీక్షితకు ఆ సాయంత్రమే చెప్పాను. అది నా ముఖంలోకి చూసింది, తప్పు ఎక్కడ చేశానా అన్నట్టు.

“మరి నువ్వు, నాయినా?”

“నాకేమాయె? నాయినమ్మ ఉంది, అల్లం ఉంది, దూడ ఉంది. దూడకు జిలేబీ నేను పెడ్త.”

దాని ముఖం ఎర్రబడింది. తరవాత నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

“ఆదివారం ఆదివారం వస్తవా?”

“వస్త.”

“ఫోన్ ఎత్తుతవా?”

“వాన పడ్డా ఎత్తుత బిడ్డా. ఫికర్ చెయ్యకు.”

*

శనివారం టీసీ కోసం బడికి వెళ్లాను. శిరీష మేడం బీరువాలోంచి దీక్షిత కాగితం తీసి, నాకు కనబడకుండా అట్ట అడ్డం పెట్టుకుని, నేనిచ్చిన రెండో కాగితంతో వేలు పెట్టి ఒక్కొక్కటే సరిచూసింది. పుంటికూర దగ్గర నవ్వింది. ఫోన్ దగ్గర తల ఊపింది. చివరి ప్రశ్న దగ్గర వేలు ఆగింది. ‘వాళ్ల అజ్జి ఇంట్లో’ అని రాశాను అక్కడ.

“నేను ఇందుకివ్వలేదండీ ఆ కాగితం,” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“తెలుసు మేడం. మీరు గిట్ల పట్టుబట్టకుంటె నేను ఇంకా జిలేబీలే తెచ్చేటోణ్ణి.”

ఆమె నవ్వబోయి మళ్లీ కాగితం చూసింది. “తొమ్మిది కలిశాయండీ. ఇదొక్కటి ఖాళీగా వదిలేశారే. పొద్దున్నే ఎవరు లేపుతారు?”

“దానికి జవాబు ఇంకా లేదు మేడం. రేపు పొద్దుగాల రాస్త.”

ఆదివారం చేనుకు పోలేదు. ఇంకా మసక ఉండగానే దీక్షిత పరుపు పక్కన కింద కూర్చున్నాను. తలగడ దగ్గర సర్దిన సంచి ఉంది, దాని మీద తల్లి దువ్వెన ఉంది. పిల్ల కళ్లు మూసుకుని ఉంది, కానీ రెప్పలు అదురుతున్నాయి. పెదవులు కదలబోయాయి. అవి కదిలే లోపల నేనే అందుకోవాలి. పదిహేనేళ్లు నామోషీ పడ్డ నోరు పెగలడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

“ఏళవ్వా,” అన్నాను. రాగం రాలేదు. “హొత్తాగ్యాద.”

పెదవులు ఆగిపోయాయి. కళ్లు తెరవలేదు. దుప్పట్లోంచి ఒక చెయ్యి వచ్చి నా చొక్కా కొస పట్టుకుంది.

“ఇంకొక్కసారి అను, నాయినా.”

అన్నాను. ఆ పొద్దున నా బిడ్డను మూడుసార్లు లేపాను, మూడోసారికి గానీ లేవలేదు. అది మేలుకునే ఉందని నాకు తెలుసు. నాకు తెలుసునని దానికీ తెలుసు. బయట వాకిట్లో మహాదేవమ్మ ఆటో దిగిన చప్పుడైంది.